గడప దాటడమే గండమైతే..

పెద్దల కాలికి ఇల్లు సరిపోతోందా? మంచం నుంచి పెరటి దాకా ఓసారి నడిచి చూడాల్సిందే

తిరుచ్చులి: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. కట్టిన ఇంట్లో ముసలితనం గడిపి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ముగ్గు పోసిననాడు మేస్త్రీ స్థలం కొలిచాడు. పంతులు వాస్తు చూశాడు. యజమాని చేతిలో ఉన్న సొమ్ము లెక్కపెట్టుకున్నాడు. నలభయ్యేళ్ల తర్వాత ఆ ఇంట్లో తిరగబోయే మోకాళ్ల గురించి అడిగినవారు లేరు. అప్పట్లో బిందె చంకన పెట్టుకుని రెండంగల్లో ఎక్కిన మెట్లే ఇప్పుడు గోడ పట్టుకుంటే గానీ ఎక్కలేని మెట్లయ్యాయి. ఇల్లు అలాగే ఉంది. అందులో ఉన్న మనిషే మారిపోయారు.

విరుదునగర్ జిల్లాలో తిరుచ్చులి, అరుప్పుకోట, సాత్తూరు, రాజపాళయం.. ఆనుకునే తూత్తుకుడి జిల్లాలో కోవిల్‌పట్టి. ఈ నల్లరేగడి సీమలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాన పడితేనే పంట. అందుకే చదువుకున్న పిల్లలు మదురై, చెన్నై, బెంగళూరు దారి పట్టారు. చదువు అబ్బనివాళ్లు శివకాశికో తిరుప్పూరుకో వెళ్లారు. ఇంటికి కాపలాగా మిగిలింది ఇద్దరు పెద్దలు. కొన్నాళ్లకు ఒక్కరే.

వీరి సంఖ్య తక్కువేం కాదు. 2011 జనగణన నాటికి తమిళనాడు జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 10.4 శాతం. 2021 నాటికి 13.6 శాతమని, 2031 నాటికి 18.2 శాతానికి చేరతారని కేంద్ర గణాంకశాఖ 2021లో ఇచ్చిన నివేదిక అంచనా వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ అంకెలు 12.4, 16.4. అంటే సరిహద్దుకు ఇటైనా అటైనా ప్రతి ఆరుగురిలో ఇంచుమించు ఒకరు పెద్దవారయ్యే రోజు ఎంతో దూరంలో లేదు. వాళ్లు ఉండేది కొత్తగా కట్టే ఇళ్లలో కాదు. ఇప్పుడున్న ఈ ఇళ్లలోనే.

మంచం ముందు.. దొడ్డి వెనక

రమణ మహర్షి 1879 డిసెంబరు 30న పుట్టిన ఊరుగా తిరుచ్చులి పేరు తెలుగువారికి కొత్త కాదు. ఆయన పుట్టిన సుందర మందిరాన్ని, భూమినాథుడి గుడిని చూడవచ్చే యాత్రికులకు పాత వీధుల్లోని ఇళ్లు ముచ్చటగా కనిపిస్తాయి. గోడకు గోడ ఆనించి కట్టిన పొడవాటి ఇళ్లు. ముందు తిన్నె, దాని వెనక నడవ, ఆపైన గదులు, వంటిల్లు, చివరన పెరడు. చూడ్డానికి బాగానే ఉంటుంది. అందులో ఉండే డెబ్బయ్యేళ్ల అవ్వ రాత్రిపూట లేస్తే తెలుస్తుంది కష్టం.

గాలి తగులుతుందని, వచ్చిపోయేవారు కనిపిస్తారని పెద్దవారి మంచం వాకిలి దగ్గర వేస్తారు. మరుగుదొడ్డేమో పెరట్లో. మధ్యలో మూడు నాలుగు గడపలు. ఒక్కో గది నేల ఒక్కో ఎత్తు. వంటింటి ముందు తడి. పెరట్లోకి దిగే మెట్టుకు పట్టుకోను ఆసరా లేదు. ఆ దారిని పగలు ఒకసారి నడిచి అడుగులు లెక్కపెట్టండి. నడివయసువారికి అర నిమిషం పట్టే ఆ దారి, నిద్ర కళ్లతో చీకట్లో లేచిన పెద్దవారికి పొలం గట్టు మీద నడకలాంటిదే.

ఈ బాధ పడలేక చాలామంది పెద్దలు ఓ ఉపాయం కనిపెట్టారు. సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. రాత్రి లేవాల్సిన పని ఉండదు కదా అని! అసలే ఎండలు మండే జిల్లా. ఒంట్లో నీరు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట, పొద్దున్నే లేవగానే కళ్లు తిరగడం. కళ్లు తిరిగితే మళ్లీ పడటమే. పడకూడదని చేసిన పనే పడేస్తుంది. 'అవ్వ సరిగా నీళ్లు తాగట్లేదు' అని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే ముందు దొడ్డికి వెళ్లే దారి ఎలా ఉందో చూడాలి.

ఒక్కసారి పడితే..

'కాలు జారిందిలే, ఏం కాలేదు' అని పెద్దవారు కొట్టిపారేస్తారు. చెబితే పిల్లలు కంగారుపడతారనో, ఇల్లు అమ్మి తమతో వచ్చేయమంటారనో దాచేవారూ ఉన్నారు. ప్రపంచవ్యాప్తంగా ఏటా 6.84 లక్షల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. వారిలో ఎక్కువమంది 60 దాటినవారే. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే.

ప్రాణం పోకపోయినా తుంటి ఎముక విరిగితే బతుకు మారిపోతుంది. చాలామంది మునుపటిలా నడవలేరు. ఎముక విరగకపోయినా భయం పట్టుకుంటుంది. భయంతో నడక తగ్గుతుంది. నడక తగ్గితే కాళ్లలో సత్తువ పోతుంది. సత్తువ పోతే మళ్లీ పడతారు.

మంచాన పడటం అనే మాటకు ఈ జిల్లాలో ఇంకో భయంకరమైన అర్థం ఉంది. 2010లో విరుదునగర్ పేరు దేశమంతటా పత్రికలకెక్కింది. తనకు 'తలైక్కూత్తల్' చేయబోతున్నారని తెలిసి ఎనభయ్యేళ్ల పెద్దాయన ఒకరు ఇంట్లోంచి తప్పించుకుని బంధువుల దగ్గరికి చేరడంతో విషయం బయటపడింది. మంచాన పడి, చూసుకునేవారు లేని ముసలివారికి తలంటి ప్రాణం తీసే పాడు ఆచారమది. చట్టం దృష్టిలో అది హత్యే. తుంటి విరిగి మంచాన పడిన ఓ పెద్దాయన కథతో 2018లో వచ్చిన 'బారం' సినిమాకు ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. అందరి ఇళ్లకూ దాన్ని అంటగట్టడం న్యాయం కాదు. ఇక్కడ పెద్దల్ని కళ్లలో పెట్టుకుని చూసుకునే ఇళ్లే ఎక్కువ. అయితే ఒక్క విషయం మరచిపోకూడదు. మంచాన పడ్డాక ఏం చేయాలన్న ప్రశ్న ఎంత కఠినమైనదో, పడకుండా చూడటం అంత తేలిక. స్నానాలగదిలో ఒక పైపు, మంచం పక్కన ఒక దీపం.. అక్కడ మొదలుపెట్టవచ్చు.

చేతికి తగ్గ పనిముట్టు

కోవిల్‌పట్టి - ఎట్టయపురం ప్రాంతంలోని వడమలాపురంలో 1918లో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. యువకుడిగా ఉన్నప్పుడే కీళ్లవాతం ఆయన వేళ్లను వంకర తిప్పేసింది. ఆయన కంటి ఆపరేషన్లు నేర్చుకున్నారు. ఆ వేళ్లకు తగ్గట్టుగా పరికరాలు చేయించుకుని వేలాది మందికి చూపునిచ్చారు. ఉద్యోగ విరమణ తర్వాత 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. చేతికి తగ్గట్టు కత్తి మారింది. కత్తికి తగ్గట్టు చెయ్యి మారలేదు.

ఇంటి విషయంలో మనం దీనికి తిరగేసి ఆలోచిస్తున్నాం. 'జాగ్రత్తగా నడవండి', 'మెల్లగా దిగండి', 'రాత్రి లేవకండి' అంటూ మనిషినే మారమంటున్నాం. మనిషికి తగ్గట్టు ఇల్లు మార్చడం గురించి ఆలోచించడం లేదు.

అలా మారిస్తే ఫలితం ఉంటుందా? ఉంటుందనే పరిశోధనలు చెబుతున్నాయి. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2023లో వచ్చింది. ఇంట్లో పడటానికి కారణమయ్యే వాటిని గుర్తించి సరిచేస్తే పడటాలు 26 శాతం తగ్గుతాయని, ఇదివరకే పడినవారిలాంటి ఎక్కువ ప్రమాదం ఉన్నవారిలో 38 శాతం తగ్గుతాయని అది తేల్చింది. జపాన్‌లో 2000 నుంచి అమల్లో ఉన్న వృద్ధుల సంరక్షణ బీమా కింద ఇంట్లో పట్టుకునే కమ్మీలు బిగించడానికి, ఎత్తుపల్లాలు సరిచేయడానికి 2 లక్షల యెన్‌ల వరకు ఖర్చును లెక్కలోకి తీసుకుంటారు. మన దగ్గర అలాంటి బీమా లేదు. ఊళ్లో మేస్త్రీ, వెల్డింగ్ షాపు, వడ్రంగి ఉన్నారు. చాలావాటికి వాళ్లు చాలు.

పెద్దవారి వెంట నడవాలి

ఇల్లు సరిపోతోందో లేదో గుమ్మంలో నిలబడి చూస్తే తెలియదు. పెద్దవారు పొద్దున లేచింది మొదలు ఏం చేస్తారో, ఎటు నడుస్తారో వాళ్ల వెంటే నడిచి చూడాలి. ఎక్కడ గోడ పట్టుకుంటున్నారు? ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు? గోడ మీద చేతి మరకలున్న చోటే కమ్మీ కావాలని ఇల్లు చెబుతున్నట్టు.

మంచం: కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలి. మోకాళ్లు తుంటి కంటే పైకి లేవకూడదు. చాలామందికి 16 నుంచి 18 అంగుళాల ఎత్తు సరిపోతుంది. కుక్కిమంచంలోంచి లేవడం కుర్రాళ్లకే కష్టం. నులక బిగించాలి, లేదంటే మంచం మార్చాలి. లైటు స్విచ్చి పడుకున్నచోటి నుంచే అందాలి. కరెంటు పోతుంది కాబట్టి దిండు పక్కన టార్చి ఉండాలి.

గడప: పసుపు రాసి, బొట్టు పెట్టి కొలిచే గడపను తీసేయమంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. తీయనక్కర్లేదు. నిజానికి ఆ పసుపు మేలే చేస్తుంది. నేల రంగులో కలిసిపోకుండా గడప కంటికి ఆనుతుంది. లోపలి గదుల గడపలకూ అలాగే కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేయాలి. ద్వారబంధానికి నడుమెత్తున పట్టుకునే కొయ్య బిగించాలి. బెత్తెడు ఎత్తు దాటితే రెండు వైపులా చిన్న మెట్టు పలక వేసుకోవచ్చు. గడప దగ్గర గోనెపట్టాలు, జారే కాళ్లపట్టాలు మాత్రం వద్దు.

మెట్లు: ర్యాంపు కట్టించేస్తే సరి అనుకుంటారు. లెక్క చూడండి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉంటేనే ర్యాంపు వాలు సురక్షితం. వీధి నుంచి తిన్నె అడుగున్నర ఎత్తుంటే 18 అడుగుల ర్యాంపు కావాలి. అది వీధి అవతల ఇంటిదాకా పోతుంది! నిటారుగా కట్టిన పొట్టి ర్యాంపు మెట్ల కంటే ప్రమాదం. అందుకని మెట్లన్నీ ఒకే ఎత్తుకు తేవడం, రెండు వైపులా కమ్మీ పెట్టడం, మెట్టు అంచుకు తెల్లరంగు వేయడం మేలు. దగ్గర చూపు, దూరం చూపు కలిసి ఉన్న కళ్లద్దాలతో మెట్లు దిగితే కింది మెట్టు మసకగా కనిపిస్తుంది. మెట్ల దగ్గర దూరం చూపు అద్దాలే మంచివి. శుక్లాలుంటే ఆపరేషన్ వాయిదా వేయొద్దు.

మరుగుదొడ్డి: 2014లో మొదలైన స్వచ్ఛభారత్ కింద ఇచ్చిన రూ.12 వేలతో పల్లెల్లో చాలా ఇళ్లకు మరుగుదొడ్డి వచ్చింది. పెద్దలకు, ముఖ్యంగా ఆడవారికి, చీకట్లో ఊరవతలికి వెళ్లే బాధ తప్పింది. కాకపోతే అవి ఎక్కువగా గొంతుక్కూర్చునే రకం, ఇరుకు, ఎత్తు మెట్టు మీద. మోకాళ్లు అరిగినవారు కూర్చుంటే లేవలేరు. దాని మీద వేసుకునే కాళ్ల కుర్చీ, కమోడ్ స్టూలు మందుల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. గోడకు ఇనుప పైపు బిగించాలి. తువ్వాలు వేసే సన్న కడ్డీని నమ్ముకోవద్దు, బరువు ఆనితే అది ఊడి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం తలుపు. అది లోపలికి తెరుచుకునేదైతే, లోపల పడినవారు తలుపుకు అడ్డంగా ఉంటే బయటివారు తెరవలేరు. బయటికి తెరుచుకునేలా బందులు మార్పించాలి. గడియ బయటి నుంచీ తీసేలా ఉండాలి.

స్నానం: తలంటు రోజున నూనె, కుంకుడు నురుగు కలిసి నేల అద్దంలా జారుతుంది. నున్నటి టైల్స్ అయితే ఇక చెప్పక్కర్లేదు. గరుకు బండ వేయించాలి. కూర్చుని పోసుకునేందుకు గట్టి స్టూలు ఉండాలి. బకెట్టు కూడా ఎత్తు మీద పెడితే వంగే పని తప్పుతుంది.

వంటిల్లు: రోజూ వాడే డబ్బాలు నడుముకు, భుజానికి మధ్య ఎత్తులో ఉండాలి. అటక మీది గిన్నె కోసం స్టూలెక్కే అలవాటు మాన్పించాలి. నీళ్ల బిందె నేల మీంచి ఎత్తకుండా తిన్నె మీదో బల్ల మీదో ఉంచాలి.

ఎండ: కత్తిరి ఎండల్లో రేకుల కింద, ఒంటి స్లాబు కింద మధ్యాహ్నం ఉండలేం. పెద్దల ఒంటికి వేడిని తట్టుకునే శక్తి తక్కువ. తమిళనాడు ప్రభుత్వం 2024లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. పైకప్పుకు సున్నం కొట్టించడం, మంచం చల్లటి గదిలోకి మార్చడం, తాగునీరు చేతికందేలా పెట్టడం వేసవికి ముందే జరగాలి.

తిన్నె పోయింది.. మాట పోయింది

కాలికి సరిపోయినంత మాత్రాన ఇల్లు సరిపోయినట్టు కాదు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు ముందు పోయేది తిన్నె. దాని చోట ఇనుప గ్రిల్లు, గేటు, బండి పెట్టే చోటు. భద్రత కోసమే. కానీ వీధిలో వెళ్లేవారితో 'ఏం రా, ఎక్కడికి?' అని పలకరిస్తూ పొద్దు గడిపిన తాతకు ఇప్పుడు టీవీ తప్ప తోడు లేదు. పక్కింటివారు ఆయన్ని చూసి రెండు రోజులైనా ఎవరికీ అనుమానం రాదు. తిన్నె ఉన్నప్పుడు ఆయన కనిపించకపోతే గంటలో ఎవరో ఒకరు వచ్చి అడిగేవారు.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌కు చెందిన కి.రాజనారాయణన్ 1976లో వెలువరించిన 'గోపల్ల గ్రామం' నవల తెలుగువారి వలస కథ. ఆ కథను అందులో చెప్పేది వందేళ్లు దాటిన ముత్తవ్వ. బడిలో తెలుగు లేకపోయినా ఈ సీమలో ఇన్ని తరాలు తెలుగు నిలిచిందంటే ఇంట్లో పెద్దల నోటివల్లే. వెనక గదిలో ఒంటరిగా పెట్టిన అవ్వ మాట్లాడటం మానేస్తే ఆమెతోపాటు మనవలకు అందాల్సిన మాటా ఆగిపోతుంది. కొత్త ఇంటికి తిన్నె కుదరకపోతే గ్రిల్లు లోపలే వీధి కనిపించేలా చేతులున్న కుర్చీ ఒకటి వేయండి.

ఎవరిని అడగాలి?

విదేశాల్లో పెద్దవారిని ఆసుపత్రి నుంచి పంపే ముందు నిపుణులు ఇంటికొచ్చి చూసి వెళ్లే పద్ధతి ఉంది. ఇక్కడ అందుకు దగ్గరగా ఉన్నది 'మక్కళై తేడి మరుత్తువం'. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన ఈ పథకం కింద బీపీ, షుగరు మందులు ఇంటికే తెస్తారు. మంచాన ఉన్నవారికి సేవలు, ఫిజియోథెరపీ కూడా ఇంటి దగ్గరే అందించాలన్నది లక్ష్యం. అలా వచ్చినవారిని కాళ్లు, చేతులతోపాటు మంచం, మెట్లు, దొడ్డి కూడా ఒకసారి చూడమని అడగండి. వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెలుస్తాయి.

చేతికర్ర, వాకర్, వినికిడి యంత్రం లాంటివి పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. కర్ర అయినా మనిషి ఎత్తుకు కొలిచి తీసుకోవాలి. అడుగున రబ్బరు అరిగితే మార్చాలి. సలహాకో, ఫిర్యాదుకో పెద్దల సహాయవాణి 14567కు ఫోన్ చేయవచ్చు. పడి లేవలేకపోతే 108.

పండక్కి వచ్చినప్పుడే..

పొంగలికి, ఊరి జాతరకు పిల్లలంతా ఇంటికొస్తారు. కొత్త బట్టలు, మిఠాయిలు, కొత్త ఫోను తెస్తారు. ఈసారి ఒక మధ్యాహ్నం పక్కన పెట్టండి. అమ్మనో నాన్ననో ముందు నడవమని, వెనక మీరు నడవండి. మీకు నచ్చినట్టు కాదు, వాళ్లను అడిగే మార్చండి. అడక్కుండా సామాను జరిపితే అలవాటైన దారి పోయి ఇంకా ఇబ్బంది పడతారు. 'మాకెందుకురా ఈ ఖర్చు' అని తప్పకుండా అంటారు. 'మేం పెద్దయ్యాక మాకూ కావాలిగా' అనండి. అది నిజం కూడా.

ఓసారి చూసుకోండి

- మంచం మీంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలుగుతున్నారా?
- పడుకున్నచోటి నుంచి లైటు స్విచ్చి, నీళ్లు, ఫోను అందుతున్నాయా?
- మంచం నుంచి దొడ్డి దాకా రాత్రి వెలుతురు ఉందా?
- ఆ దారిలో వైర్లు, పట్టాలు, సామాను అడ్డం లేకుండా ఉందా?
- ప్రతి గడప దగ్గర, ప్రతి మెట్టు దగ్గర పట్టుకోవడానికి ఆసరా ఉందా?
- మరుగుదొడ్డిలో కూర్చుని లేవడానికి గట్టి పైపు ఉందా?
- దాని తలుపు బయటి నుంచి తెరవగలమా?
- స్నానం చేసేచోట తడి నేల జారకుండా ఉందా?
- మధ్యాహ్నం ఎండలో ఉండగలిగే చల్లటి చోటు ఇంట్లో ఒక్కటైనా ఉందా?
- పిల్లల నంబర్లు, 108, 14567 పెద్ద అంకెల్లో గోడ మీద రాసి ఉన్నాయా?
- రోజుకు ఒక్కరైనా వచ్చి పలకరిస్తున్నారా?

'లేదు' అని జవాబొచ్చిన ప్రతిచోటా పని ఉన్నట్టే. అన్నీ ఒకేసారి చేయలేకపోతే రాత్రి నడిచే దారితో మొదలుపెట్టండి.